మొద్దుకు అవతలి దిక్కు

ప్రాణహిత మీద వంతెన లేసినంక
మా నాయిన నావ ఒడ్డుమీద బోర్ల పండుకున్నది.
దాని కిందికి కోళ్లు చేరినయి.
పదమూడేండ్ల నన్ను తీస్కపోయి
సిరొంచ బజార్ల మాణిక్‌రావు కాక దుకాణంల నిలవెట్టి
"తెడ్డేసిన చేతులు, ఊకె ఉంచకు" అన్నడు.
కాక చేతులు జూడలే, కాళ్లు జూసిండు.
"తెల్లారగట్ల నాలుగింటికి నిలవడ్తయా ఇవి?"

ఏడాది దాంక కత్తి ముట్టలే.
ఈగల్ని కొట్టుడు, నీళ్లు మోసుడు,
తలకాయలు కాళ్లు మంటల కాల్చి
మాడిన బూరు గీకుడు,
బోటి తిరగేసి సున్నపునీళ్లల్ల కడుగుడు.
ఏడు నీళ్లు, కాక లెక్క.
ఆరో నీళ్లకు ఆపిన రోజు
ముక్కు దగ్గర పెట్టుకోకుండనే చెప్పేటోడు.

టేకాకులు తెచ్చుడు గూడ నా పనే.
లేతాకు నలిపితే ఎర్రగైతది.
మొదటి వారం చేతికి అంటింది
ఆకు పసరో నెత్తురో తెలువక
రెండిటికీ ఒక్కతీర్గనే సబ్బు రుద్దిన.
అమ్మకు మాత్రం తెలిసేది.
ఆకైతే కంచం ముందర పెట్టేది,
అదైతే బిందె దిక్కు చూపెట్టేది.

ఖాజా సాబు సైకిల్ మీద వస్తడు.
పెదవులు కదుల్తయి, అయిపోతది.
కాళ్లు పట్టుకునేది నేను.
నడి ఏట్ల తెడ్డును నీళ్లు గుంజి
ఒక్కసారి ఇడిసిపెట్టినట్టు
నా పిడికిట్ల ఏదో గుంజి, ఇడిసేది.
ఎవ్వలకు చెప్పలే.
కాక మాత్రం రోజూ ఆ తర్వాత
ఒక బెల్లప్ముక్క నా చేతుల పెట్టేటోడు.
ఎందుకో ఆయన చెప్పలే, నేనడుగలే.

రెండో దీపావళికి ముందర "కత్తి పట్టు" అన్నడు.
పట్టిన. ఎడమచేత.
దుకాణం మొత్తం నవ్వింది.
బళ్లె సారు ఆ చేతిమీదనే స్కేలు ఇరగ్గొట్టిండు,
మేనత్త ఆ చేతికే వాత పెట్టింది.
నావల ఎవ్వరూ ఏమనలే.
ఎడమ దిక్కు తెడ్డుకు ఎడమచెయ్యే కావాలె గద.

చింతమొద్దు కాక తాత కాలంది.
మూడు తరాల కుడిచేతులు కొట్టి కొట్టి
ఒక పక్క పళ్లెం లెక్క గుంత పడ్డది.
నా దెబ్బ దాంట్ల జారుతది, బొక్క పెచ్చులు లేస్తది.
పంటి కింద పెచ్చు పడ్డ గిరాకి తిరిగొచ్చి
సగం మరాఠిల, సగం తెలుగుల తిట్టిపోతది.
కుడిచేత్తో గూడ సూసిన.
బొటనేలు గోరు పోయింది.

ఆ రాత్రి ఉప్పు జల్లి మొద్దు గీకుతుంటే
కాక బీడీ పారేసి "అటు పట్టు" అన్నడు.
ఇద్దరం ఊపిరి బిగవట్టి దాన్ని సగం తిప్పినం.
గుంత ఆయన దిక్కు పోయింది.
నా ముంగట
ఇప్పటిదాంక ఎవ్వరి దెబ్బ తగలని చదును,
ఎర్రటి చేవ.
"ఎదురెదురు కూసుందాం" అన్నడు,
"సత్తూరు ఎత్తినప్పుడు నా ముక్కు యాదుంచుకో."

మొన్న నాయినొచ్చిండు పావుకిలో కార్జానికి.
కాక పైసలు తీస్కున్నడు, ఒక్క రూపాయి తగ్గించలే.
ఎడమచేత కోసిన, కుడిచేత కొసరేసిన,
ఆకు మడిచి దారం కట్టిన.
నాయిన పొట్లం అందుకోలే ఇంకా.
మొద్దు మీద నా దిక్కు చెయ్యి పెట్టి
నావ అడుగు తడిమినట్టు తడిమిండు,
ఏడనన్న ఓటి పడ్డదేమోనని.
ఏం లేదు.
గోరంత గుంత.